ఆయుధ పూజకు ముందు ర్యామ్ వేట

మా ఆడబిడ్డ నవ్వడం మొదలుపెడితే ఆపడం ఎవరి వల్లా కాదు. దసరా సెలవులు మొదలైన రోజు పొద్దున్నే మా ల్యాబు గుమ్మంలో నిలబడి నా చేతికి ఒక టిఫిన్ డబ్బా ఇచ్చింది. ఇడ్లీలేమో అనుకుని మూత తీశాను. లోపల మెత్తటి గుడ్డలో చుట్టిన హార్డ్ డిస్క్ ఉంది.

"నా ఇన్నేండ్ల బతుకంతా అందులోనే ఉండాది వదినా. చెట్నీ గిట్నీ తగలకుండా చూసుకో" అని, తన మాటకి తానే నవ్వుకుంటూ గోడకి ఆనుకుపోయింది.

నేను బళ్ళారి ఊరి బయట ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబు ఇన్‌చార్జిని. పాఠాలు చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు, నాది కంప్యూటర్ల ఆలనాపాలనా. ఏ సిస్టమ్ ఫ్యాను అరుస్తోంది, ఏ కీబోర్డులో మీట ఊడిపోయింది, ఎవరు ఏ మౌసు పీకి జేబులో వేసుకున్నారు, ఇదీ నా లోకం. మా రోడ్డు మీద ఇనుప ఖనిజం లారీలు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి అప్పుడప్పుడూ ప్రతి క్యాబినెట్టూ విప్పి ఎర్రదుమ్ము ఊదడం కూడా నా పనే. నా చీరలన్నిటికీ ఒకే రంగు అంచు ఉంటుందని మా ఆయన వేళాకోళం. ఆయన మాత్రం తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీ నుంచి కంపెనీ బస్సు దిగేసరికి కాలరు నుంచి కనుబొమల దాకా అదే రంగులో ఉంటాడు.

ఆడబిడ్డ అంటే ఆయన చెల్లెలు. ఇంట్లో ఆఖరిది. ముప్పై దాటినా ఇంట్లో అందరికీ ఆమె పాపే. వేరే కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ పీహెచ్‌డీ చేస్తోంది. తుంగభద్ర కాలువ కింద పొలాల్లో చౌడు ఎలా పాకుతోందో, ఏళ్ళ తరబడి ఉపగ్రహం తీసిన ఫొటోల నుంచి కనిపెట్టి, ఇకముందు ఏ మడి మీదికి వస్తుందో చెప్పడం ఆమె పని. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు నేను చేస్తున్న చపాతీ వదిలేసి వచ్చి కూర్చున్నాను. నేను పుట్టింది దేశనూరు దగ్గర కాలువ కింద ఒక క్యాంపులో. కోస్తా నుంచి వచ్చి వరి వేసుకున్న కుటుంబం మాది. మా నాన్న మడిలో ఒక మూల తెల్లగా ఉప్పు పేరుకుని ఉండేది. అక్కడ నాటిన నారు బతకదు, చావదు. ఆ మూలని చూసి నాన్న రోజూ తిట్టేవాడు, ఆ తిట్లు ఇక్కడ రాయలేను. అలాంటి మూలని ముందే పట్టుకునే చదువు మా పాప చదువుతోందంటే నాకు ఆమె మీద ప్రేమ అమాంతం పెరిగిపోయింది.

ఆమెకి ఇక మిగిలింది ఒకే ఒక్క పెద్ద లెక్క. ఫొటోలన్నీ కలిపి ఒక్కసారి ఆడించి ఆఖరి ఫలితం తీయాలి. ఆ లెక్క ఒక్క కంప్యూటర్ మీద ఏళ్ళు పడుతుంది. అందుకని ముక్కలు చేసి మా ల్యాబులోని కంప్యూటర్లన్నిటికీ పంచాలి. సెలవుల్లో ల్యాబు ఖాళీ కాబట్టి ప్రిన్సిపాల్ సరే అన్నాడు. కానీ ఆమె పీహెచ్‌డీ గైడ్ గట్టిగా చెప్పేశాడు, విజయదశమి నాటికి ఫలితాలు అందకపోతే ఇక గడువు పెంచేది లేదని, రిజిస్ట్రేషన్ రద్దేనని. అంటే ఇన్నేళ్ళ చదువూ గంగలో కలిసినట్టే.

విజయదశమి దాకా గడువుందని మేం మురిసిపోవడానికి కూడా లేదు. దానికి ముందు రోజు ఆయుధ పూజ. మా వైపు ఆయుధ పూజ అంటే ఆషామాషీ కాదు. కత్తిపీట నుంచి లారీ దాకా ప్రతిదానికీ బొట్టు పెట్టి విశ్రాంతి ఇస్తారు, మళ్ళీ విజయదశమి దాటేదాకా ముట్టుకోరు. మా ల్యాబు అటెండరు ఏటా ఆ రోజు పొద్దున మెయిన్ స్విచ్ ఆపి, కంప్యూటర్లన్నిటికీ విభూతి పట్టీలు దిద్ది, గుమ్మడికాయ కొట్టి, తాళం వేసి పోతాడు. సెలవుల్లో ల్యాబు వాడుకోమన్నప్పుడు ప్రిన్సిపాల్ పెట్టిన షరతు కూడా అదొక్కటే, పూజకి అడ్డం రావద్దని. కాబట్టి ఆయుధ పూజ పొద్దుటికి లెక్క అయిపోవాలి. మధ్యలో ఆపి దాచుకున్నా లాభం లేదు, మళ్ళీ స్విచ్ వేసేసరికి గడువు దాటిపోతుంది.

ఈ సంగతి ఇంట్లో చెప్తే మా ఆయన అన్నం కలుపుకుంటూ, "మా ఫ్యాక్టరీలో కొలిమిని పూజకి కూడా ఆపరు. మండతాంటేనే హారతి ఇస్తారు. మీరూ అట్లే చేయండి" అన్నాడు.

"అది కొలిమప్పా, ఇది సరస్వతి. సుమ్నే ఊరకుండు" అంది మా అత్తమ్మ.

మా అత్తమ్మ గురించి కాస్త చెప్పాలి. రాహుకాలం ఉందంటే ఆమె గడప దాటదు, ఇంకొకరిని దాటనివ్వదు. నేను కొత్తకోడలిగా వచ్చినప్పుడు రాహుకాలం పోయేదాకా నన్ను ఆటోలోనే కూర్చోబెట్టింది. వీధి వీధంతా వచ్చి ఆటోలో ఉన్న నన్ను చూసి వెళ్ళారు, ఆటో డ్రైవరు నాకు సోడా తెచ్చి ఇచ్చాడు. అంతటి మనిషి. పెద్దకొడుకు చదువుకి ముహూర్తాలు పెట్టింది, పరీక్షలకి మొక్కులు మొక్కింది. ఆఖరిదాని వంతు వచ్చేసరికి అలసిపోయిందో ఏమో, ఈ పీహెచ్‌డీ అనేదాన్ని ఆమె ఎన్నడూ పట్టించుకోలేదు. పాప కనిపించినప్పుడల్లా ఒకటే ప్రశ్న: "ఎప్పుడైపోతాది మే?" పాప నవ్వి పక్కకి తప్పుకునేది. ఆ నవ్వు మాత్రం అసలు నవ్వు కాదని నాకు తెలుసు.

సరే, లెక్క మొదలుపెట్టాం. అన్నిటికంటే ముందు కూర్చుని పని పంచి, తిరిగి వచ్చిన జవాబులు కలిపే కంప్యూటర్‌కి పెద్దాయన అని పేరు పెట్టాం. కిటికీ పక్కన, వరసలో ఆఖరున ఉన్నదాన్ని చిన్నది అన్నాం. మా ల్యాబు కంప్యూటర్లు ఒక్కసారి కొన్నవి కావు. ఒక్కో ఏడు కొన్ని కొన్ని వచ్చి చేరినవి, ఏ రెండిటి బలం ఒకటి కాదు. చిన్నదానికి అన్నిటికంటే తక్కువ ర్యామ్. అంటే పని చేసేటప్పుడు సరుకంతా పరుచుకునే బల్ల దానిది మరీ చిన్నదన్నమాట.

రన్ మొదలైన కాసేపటికి పెద్దాయన తెర మీద ఎప్పటికి పూర్తవుతుందో ఒక అంచనా పడింది. పాప క్యాలెండర్ తీసి చూసింది. దీపావళి.

"వదినా, పండగ తప్పలేదు, పండగ మారింది" అని కుర్చీలో మెలికలు తిరిగి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

ర్యామ్ పెంచాలని ఇద్దరికీ తోచింది. ఎవరికి పెంచాలి అన్నదగ్గర మాత్రం ఇద్దరం ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పెద్దాయనకి. మా ఇళ్ళల్లో విస్తరి వేస్తే మొదట పెద్దాయనకే కదా వడ్డిస్తారు. ఆ అలవాటు చేతుల్లో ఎంత పాతుకుపోయిందో చూడండి, ఇంత చదువుకున్న ఇద్దరు ఆడవాళ్ళం బళ్ళారి బజారుకి పోయి ఆ కంప్యూటర్ మదర్‌బోర్డు పట్టగలిగిన అతి పెద్ద ర్యామ్ తెచ్చి, భక్తిగా పెద్దాయనకి ఎక్కించాం. ఆయన తన వంతు పని చిటికెలో ముగించి కాలు మీద కాలు వేసుకున్నాడు. మళ్ళీ అంచనా చూశాం. నరక చతుర్దశి. ఒక్క రోజు ముందుకి జరిగింది.

పాప ఈసారి నవ్వలేదు. అరిచేతిలో గడ్డం పెట్టుకుని తెరవైపు చూస్తూ కూర్చుంది.

నేను లేచి వరస వెంబడి నడిచాను. ప్రతి కంప్యూటర్ ముందూ ఆగి, ఎవరెంత ర్యామ్ వాడుతున్నారో, ఎవరు ఖాళీగా ఉన్నారో చూశాను. సగానికి పైగా ఖాళీగా గోళ్ళు గిల్లుకుంటున్నారు. కిటికీ దగ్గర చిన్నది, దాని వైపు ఉన్న పాతవన్నీ మాత్రం డిస్క్ దీపం ఆర్పకుండా గిలగిలలాడుతున్నాయి. ర్యామ్‌లో పట్టని సరుకుని డిస్క్‌లోకి తోయడం, మళ్ళీ కావాలని అక్కడ దేవులాడి తెచ్చుకోవడం, అదే వాటి పనైపోయింది. ర్యామ్‌తో పోలిస్తే డిస్క్ ఎంత నిదానమో ల్యాబులో ఉన్నవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు.

అక్కడ నిలబడినప్పుడు నాకు మా క్యాంపులో నాట్లు గుర్తొచ్చాయి. వరస నాట్లకి మడికి అడ్డంగా తాడు కడతారు. ఆడవాళ్ళంతా తాడు వెంబడి వంగి నాటుతారు. అందరి నాటూ అయితేనే తాడు వెనక్కి జరుగుతుంది. ఎంత చేతి వేగం ఉన్న మనిషైనా తన వంతు నాటేసి, చివర్న ఉన్న కొత్తమ్మాయి ముగించేదాకా నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడాల్సిందే. మా లెక్క కూడా అంతే. ఒక్కో చుట్టులో అందరూ తమ ముక్క ముగించి, పక్కవాళ్ళతో జవాబులు పంచుకుంటేనే రెండో చుట్టు మొదలవుతుంది. తాడు దగ్గర నిలబడి ఉన్న మనిషికి మేం ఇంకా బలం పోశాం.

"ఏమ్మే" అన్నాను పాపతో. "మనం వడ్డించింది తప్పు బంతిలో. ఆఖరిదాని కాడ మొదలుపెట్టల్ల."

ఆమె తల తిప్పి నా వైపు వింతగా చూసింది. "ఆఖరిదానికి ముందు పెట్టేది మా ఇంట్లో యాడ చూసినావు వదినా?" అంది. వేళాకోళంగానే అంది, కానీ ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది.

ముక్కలు ఇంకా చిన్నవి చేసి చూశాం, ర్యామ్ కొనే పని తప్పుతుందేమోనని. ముక్కలు పెరిగేకొద్దీ వాటి అంచుల దగ్గర ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సింది పెరిగి, వైర్లలో రద్దీ ఎక్కువై, అంచనా దీపావళి దాటి కార్తీక మాసంలోకి పోయింది. పాత ముక్కలకే వచ్చాం. ఒక ముక్క తెరిచినప్పుడు ఎంతవరకూ ఉబ్బుతుందో ఒక కంప్యూటర్ మీద కూర్చుని కొలిచాను. దానికి పైన సిస్టమ్ ఊపిరి పీల్చుకోవడానికి కాస్త. ప్రతి కంప్యూటర్‌కీ కావాల్సింది అంతే. అంతకంటే తక్కువైతే డిస్క్ మీద పడుతుంది, ఎక్కువైతే అలంకారానికి తప్ప పనికిరాదు.

పెద్దాయన దగ్గర కొత్త ర్యామ్ పీకి, ఆయనకి పాతదే తగిలించి, మళ్ళీ అదే షాపుకి బయల్దేరాం. షాపాయన మమ్మల్ని చూడగానే, "క్యా మేడం, అప్పుడే వాపసా?" అన్నాడు.

"ఈ పెద్దది వద్దు భయ్యా. దీనికి బదులు చిన్నవి జతలు జతలుగా కావల్ల" అన్నాను.

పండగ ముందు గొడవెందుకనుకున్నాడో ఏమో, మార్చి ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. కానీ మా మొహాలు చూసి ఇంకేదో అమ్మాలనిపించినట్టుంది, అద్దాల బీరువాలోంచి ఒక మెరిసే డబ్బా తీశాడు. "ఈ మాల్ చూడండి మేడం. కరెంటు పెడ్తే రంగు రంగులు వెలుగుతాయి. ఏక్‌దమ్ కొత్తది."

పాప కళ్ళు వెలిగిపోయాయి. "వదినా, ఇది ఎక్కిస్తే దసరా లైటింగు కూడా అయిపోతాది."

"మన బోర్డు దాన్ని పట్టుకునే వేగం వేరే మే. ఇది ఎంత పరిగెత్తేదైనా పాతదాని పక్కన పెడ్తే పాతదానితో సమానంగా నడవల్సిందే. ఈ రంగులు క్యాబినెట్ లోపల ఎవరు చూస్తారు, బల్లులా?"

షాపాయన కూడా నవ్వేశాడు. నేను కోరింది సాదాసీదా సరుకు. పాత బోర్డులు ఒప్పుకునే రకం, పాతవాటితో సమానమైన వేగం, ఒకే కంపెనీవి ఒకేలాంటివి రెండేసి. జంటగా పెడితే బోర్డు రెండు దారుల్లోనూ సరుకు లాక్కుంటుంది, ఒక్కటే పెద్దది పెడితే ఒక దారి మూసుకుపోతుంది. ప్రతి ప్యాకెట్టూ తిప్పి లేబులు చదివాను. షాపాయన టీ తెప్పించాడు. మేం తాగాం, మళ్ళీ చదివాను. పెళ్ళిసంబంధాలకి కూడా ఇంతగా చూడరని పాప అంది. ఆమెకి సంబంధాలు చూసి చూసి మా అత్తమ్మ విసిగిపోయిన సంగతి నాకు తెలుసు కాబట్టి నేను మళ్ళీ లేబుళ్ళలో తల దూర్చాను.

ల్యాబుకి తాళం పడే వేళ అయిపోయింది, సరుకు ఇంటికే తీసుకెళ్ళాం. మర్నాడు పొద్దున్నే నేను ప్యాకెట్లు విప్పి, జతలు సరిపోయాయో లేదో చూడ్డానికి భోజనాల బల్ల మీద వరసగా పేర్చాను. అత్తమ్మ పువ్వులు గుచ్చుతూ వచ్చి చూసింది.

"ఏంది మే ఇవి?"

"పాప పనికి కొత్తగా తెచ్చినాం అత్తా."

"కొత్తవా" అంది. అంతే. నేను స్నానానికి వెళ్ళి వచ్చేసరికి అన్నీ చక్కగా ఎవరి ప్యాకెట్లో వాళ్ళు సర్దుకుని ఉన్నాయి. ఎంత ఒబ్బిడి మనిషి అని మనసులోనే మెచ్చుకున్నాను.

ల్యాబుకి పోయి ఇద్దరం చెరొక వైపు నుంచీ మొదలుపెట్టి టకటకా ఎక్కించేశాం. మామూలుగా ఒకటి ఎక్కించి, నడుస్తుందో లేదో చూసి, తర్వాతే రెండోదాని జోలికి పోతాను. ఆ రోజు ఒళ్ళు తెలియని హుషారు. పాప పాటలు పాడుతోంది, నేను తాళం వేస్తున్నాను. అన్నీ ఎక్కించాక చెరో వైపు నుంచీ పరిగెడుతూ స్విచ్చులు వేశాం.

ఒక్క తెర కూడా వెలగలేదు. కొత్త ర్యామ్ వేసిన కంప్యూటర్లన్నీ ఒక్కసారి గొంతెత్తి పొడుగ్గా బీప్ అన్నాయి. ఆగి మళ్ళీ బీప్ అన్నాయి. ఒకదాని తర్వాత ఒకటి అందుకుంటూ, ఒకటి సన్నగా, ఒకటి బొంగురుగా, ల్యాబు దద్దరిల్లిపోయింది. అటెండరు చేతిలో చీపురుతో పరిగెత్తుకొచ్చాడు.

"ఏనాయ్తు మేడం? ఎవరికైనా బాగలేదా?"

పాప నేల మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వింది. కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి. ఆ నీళ్ళు నవ్వుకా ఏడుపుకా అన్నది ఆమెకి కూడా తెలిసి ఉండదు. ఎందుకంటే ఆయుధ పూజ దగ్గరికి వచ్చేసింది, మా దగ్గరున్న కంప్యూటర్లలో సగం పలకడం లేదు.

ఒక ర్యామ్ పీకి చూశాను. కింద అంచున, స్లాటుని తాకి కరెంటు అందుకునే బంగారు రంగు పళ్ళ మీద సన్నటి ఎర్ర చుక్కలు. ఖనిజం దుమ్ము అనుకున్నాను, మా ల్యాబులో ఎర్రగా ఏది కనబడినా అదే అనుకుంటాం. ఊదాను, బ్రష్షుతో స్లాట్లు దులిపాను, మళ్ళీ పెట్టాను. బీప్. షాపాయనకి ఫోన్ చేసి నాలుగు దులిపాను. "కసమ్ మేడం, సీల్ ప్యాకు మాల్" అని ఆయన గోల పెట్టాడు. ఇంకా రెండు మాటలు అనబోతుంటే పాప నా కొంగు పట్టుకుని లాగింది. ఆమె చేతిలో ఒక ర్యామ్ ఉంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగులో తిప్పి చూస్తోంది, మధ్యమధ్య ముక్కు దగ్గర పెట్టుకుంటోంది.

"వదినా" అంది. "ఈ ర్యామ్ మా అమ్మ చేతి వాసన వస్తాంది."

తీసుకుని వాసన చూశాను. పసుపు. బంగారు పళ్ళ మీద పసుపు కాబట్టి కంటికి ఆనలేదు. ప్రతి ఒక్కదానికీ, రెండు వైపులా, ఎక్కడ మెరుస్తుందో సరిగ్గా అక్కడే, నిండుగా పూసి, ఆరనిచ్చి, మధ్య మధ్య కుంకుమ చుక్కలు పెట్టి, మళ్ళీ ప్యాకెట్లో సర్దింది మా అత్తమ్మ. కొత్త బిందె వచ్చినా, కొత్త బండి వచ్చినా, కొత్త తలుపు వచ్చినా ఆమె చేసేది అదే. మొహం ఏదో చూసి బొట్టు పెట్టాలి కదా. నల్లటి చిప్పుల వైపు మొహమెలా అవుతుంది, మెరిసే వైపే మొహం.

నేను షాపాయనకి ఫోన్‌లోనే క్షమాపణ చెప్పి, ఆయన ఎందుకని అడిగేలోపు పెట్టేశాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ నవ్వు గురించి ఏం రాయను. అటెండరు రెండోసారి పరిగెత్తుకొచ్చాడు. గోడ పట్టుకుని నవ్వాం, బల్ల పట్టుకుని నవ్వాం, ఆపుకుని ఒక ర్యామ్ వైపు చూసి మళ్ళీ మొదలుపెట్టాం. కాసేపటికి పాప నవ్వు సన్నగిల్లింది. చేతిలో ఉన్నదాన్ని వేలితో నిమురుతూ, "నా చదువుకి అమ్మ ఏదైనా చేసింది ఇదే మొదలు వదినా" అంది.

నేను ఆమె భుజం తట్టాను.

పిల్లల పెన్సిల్ రబ్బర్లు తెప్పించుకుని కూర్చున్నాం. ర్యామ్ పళ్ళు తుడవడానికి రబ్బరుని మించింది లేదు, మా పనివాళ్ళందరికీ తెలిసిందే. బల్ల మీద పసుప్పచ్చ రబ్బరు పొట్టు పోగుపడింది. ఒక్కొక్కటీ తుడిచి, మెత్తటి గుడ్డతో మళ్ళీ తుడిచి, ఈసారి బుద్ధిగా ఒక్కొక్కటే ఎక్కించి చూశాను. ఆఖరి జత పాప తీసుకుంది. పళ్ళు శుభ్రంగా తుడిచింది. ఒకదాని మీద మాత్రం పైన కాగితం లేబులు మీద కూడా ఒక కుంకుమ చుక్క ఉంది, అత్తమ్మ చెయ్యి తగిలి పడిందేమో. దాని మీదికి రబ్బరు తీసుకుపోయి, ఆగి, పక్కన పెట్టేసింది. అక్కడ ఉంటే పనికి వచ్చే నష్టమేమీ లేదు. ఆ జతని చిన్నదానికి ఎక్కించాం.

ఇంట్లో చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాం.

ఆ తర్వాత పరుగు చూడాలి. డిస్క్ దీపాలు శాంతించాయి. తాడు జరిగింది, మళ్ళీ జరిగింది, చుట్టు తర్వాత చుట్టు జరుగుతూనే ఉంది. చిన్నది అందరితో పాటు తన ముక్క ముగించి అందరితో పాటు నిలబడుతోంది. అంచనా దీపావళి నుంచి వెనక్కి, వెనక్కి నడిచి వచ్చి, ఆయుధ పూజ నాటి పొద్దుటి దగ్గర ఆగింది. పూజకి ముందా తర్వాతా అన్నది మాత్రం అది చెప్పలేదు, మేమూ అడగలేదు. ఏసీ చాలక చిన్నది వేడెక్కుతుంటే పక్క రేకు ఊడదీసి బల్లఫ్యాను పెట్టాను. పాప దాని పక్కనే కుర్చీ వేసుకుని పొద్దస్తమానం కూర్చునేది. ఎవరైనా చూస్తే ఆసుపత్రిలో మనిషికి తోడు కూర్చుందనుకుంటారు.

ఆయుధ పూజ రోజు హారతి ఇవ్వడానికి ఇంట్లో పెద్దావిడ ఎవరినైనా తీసుకురమ్మని అటెండరు ముందే అడిగాడు. అత్తమ్మ జరీచీర కట్టుకుని, పళ్ళెంలో అన్నీ సర్దుకుని మాతో వచ్చింది. ల్యాబులో అడుగుపెట్టడం ఆమెకి అదే మొదటిసారి. గుమ్మానికి మామిడాకులు, మూలలకి అరటి పిలకలు, మధ్యలో బూడిదగుమ్మడికాయ. అన్నీ సిద్ధం. లెక్క మాత్రం ఇంకా కొన్ని చుట్లు మిగిలి ఉంది.

పాప పెద్దాయన తెర ముందు నిలబడింది. నవ్వడం లేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది.

అటెండరు మెయిన్ స్విచ్ దగ్గరికి వెళ్ళి గడియారం చూశాడు. "టైమ్ ఆయ్తు మేడం. ఇప్పుడు ఆపకుంటే రాహుకాలం వచ్చేస్తాది. మళ్ళా పూజ కుదర్దు."

నేను ఏదో చెప్పబోయి ఆగాను. షరతుకి ఒప్పుకున్నది నేనే. పాప కూడా అతన్ని ఆపలేదు. తల వంచుకుని తెరవైపే చూస్తోంది. చిన్నప్పటి నుంచీ తన వంతు పోవడం ఆమెకి అలవాటేనేమో అనిపించి నాకు కోపం, దుఃఖం రెండూ ఒక్కసారి వచ్చాయి.

అత్తమ్మ ఇదేమీ పట్టనట్టు పళ్ళెం పట్టుకుని వరస వెంబడి నడుస్తోంది. కిటికీ దగ్గర రేకు ఊడదీసి ఉన్న చిన్నదాని ముందు ఆగి వంగి చూసింది.

"ఏమ్మే, నేను బొట్టు పెట్టినవి యాడ?"

పాప వెళ్ళి, లోపల ఫ్యాను పక్కన నిలువుగా ఉన్నదాన్ని వేలితో చూపించింది. లేబులు మీద ఎర్రచుక్క అలాగే ఉంది. "ఇదో మా. నీ బొట్టు. దీంతోనే నడస్తాండాది."

అత్తమ్మ ఆ చుక్కని చూసింది. కూతురి మొహం చూసింది. అంత దగ్గరగా, అంతసేపు ఆమె పాపని చూడడం నేనెప్పుడూ చూడలేదు.

"ఎంతసేపు పడ్తాది?" అని అడిగింది. ఇన్నేళ్ళూ అడిగిన ప్రశ్నే, కానీ ఇలా ఎప్పుడూ అడగలేదు.

"ఇంగొంచెం మా. కొంచెమే."

అత్తమ్మ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, పిల్లలు కూర్చునే స్టూలు మీద, చిన్నదాని పక్కన కూర్చుంది. అటెండరు వైపు తిరిగి, "ఆ చెయ్యి తీయప్పా. దేవుడు యాడికి పోతాడు, ఈడనే ఉంటాడు. మా పాప పని కానీ" అంది.

"అమ్మా, రాహుకాలం..."

"వస్తే రానీ."

అటెండరు నోరు వెళ్ళబెట్టి నా వైపు చూశాడు. నేనూ అలాగే నిలబడిపోయాను. ఆటోలో కూర్చున్న కొత్తకోడలు గుర్తొచ్చింది. గడియారం ముల్లు వెళ్ళాల్సిన చోటికి వెళ్ళింది. రాహుకాలం వచ్చింది. అత్తమ్మ కదల్లేదు, ఫ్యాను గాలికి పళ్ళెంలో కర్పూరం ఎగిరిపోకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

ఆఖరి చుట్టు అయ్యింది. పెద్దాయన అందరి జవాబులూ కలిపి తెర మీద ఒక పటం పరిచాడు. కాలువ, పిల్లకాలువలు, మడులు, వాటి మధ్య తెల్లగా చౌడు. నేను ఆత్రంగా దేశనూరు వైపు వెతికాను. మా నాన్న మడి, ఆ మూల, తెల్లగా. నాన్న తిట్టిన చోటే. ఫలితాలన్నీ గైడ్‌కి వెళ్ళిపోయాయని, పాప తన డిస్క్‌లోకి కూడా తీసుకుందని రెండుసార్లు చూసుకున్నాక, నేనే స్వయంగా వెళ్ళి మెయిన్ ఆపాను. ఫ్యాన్లన్నీ నిదానించి ఆగిపోయాయి.

ఆ నిశ్శబ్దంలో పాప నవ్వుతుందనుకున్నాను. ఆమె వెళ్ళి తల్లి ముందు నేల మీద కూర్చుని, ఒళ్ళో తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. అత్తమ్మ పళ్ళెం నాకిచ్చి, ఆమె తల నిమిరి, "అయిపోయింది కదా మే, సాకు, ఇంక చాలు" అంది. తర్వాత పసుపులో ముంచిన వేలితో పాప నుదుటన బొట్టు పెట్టి, లేచి నిలబడి, కర్పూరం వెలిగించింది.

మా అత్తమ్మ రాహుకాలంలో హారతి వెలిగించడం నేను చూసింది ఆ ఒక్కసారే.